కారులో ట్రాకర్ బిగించారు సరే, అది పలుకుతోందా? ఇన్సూరెన్స్ చెల్లేలా యాక్టివేట్ చేసుకునే పద్ధతి

ముందు పాలసీ కాగితం తీయండి. ఫోన్‌లో పీడీఎఫ్ ఉన్నా సరిపోతుంది. ప్రీమియం లెక్క వేసిన పట్టికలో రెండు విషయాలు వెతకాలి. ‘ఓన్ డ్యామేజ్’ (మీ కారుకే జరిగే నష్టం, దొంగతనం) భాగానికి డబ్బు కట్టారా లేదా అన్నది ఒకటి. ‘యాంటీ థెఫ్ట్ డిస్కౌంట్’ అన్న వరుసలో ఏదైనా అంకె ఉందా, వర్తించే ఎండార్స్‌మెంట్ల (పాలసీకి జతచేసే అదనపు షరతుల) దగ్గర ‘ఐఎంటీ 10’ అని రాశారా అన్నది రెండోది.

ఓన్ డ్యామేజ్ లేకపోతే మిగతాదంతా చదివి లాభం లేదు. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ మీద కారు పోతే రూపాయి రాదు, ఎంత మంచి ట్రాకర్ ఉన్నా రాదు. కొత్త కారు కొన్నవాళ్లు ఎక్కువగా ఇక్కడే బోల్తా పడతారు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. ఓన్ డ్యామేజ్ మాత్రం చాలా పాలసీల్లో ఏడాదికే ఉంటుంది. ‘మూడేళ్లకి కట్టేశాంలే’ అనుకుని రెండో ఏడాది రెన్యువల్ మెసేజ్‌లను పట్టించుకోనివాళ్లు మన చుట్టూ బోలెడంతమంది. పాలసీలో రెండు గడువు తేదీలుంటే, దొంగతనానికి పనికొచ్చేది ఓన్ డ్యామేజ్ తేదీయే.

ఇక ఐఎంటీ 10. ఏఆర్ఏఐ, అంటే పుణెలోని వాహన పరిశోధన సంస్థ, ఆమోదించిన యాంటీ థెఫ్ట్ పరికరం కారులో ఉండి, దాన్ని బిగించినట్టు ఆటోమొబైల్ అసోసియేషన్ ధ్రువీకరిస్తే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో రెండున్నర శాతం తగ్గిస్తారు. గరిష్ఠంగా 500 రూపాయలు. దానికి బదులుగా మీ దగ్గర ఒక మాట తీసుకుంటారు: పాలసీ ముగిసేదాకా ఆ పరికరాన్ని ఎప్పుడూ పనిచేసే స్థితిలో ఉంచుతాను అని. ఆ వాక్యం ఎండార్స్‌మెంట్‌లోనే ఉంటుంది. ఎవరూ చదవరు.

ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12,000 అయితే మీకు మిగిలేది 300. ఆ 300 కోసం ఇచ్చిన మాట, ఎనిమిది లక్షల కారు పోయిన రోజు క్లెయిమ్ పరిశీలించే సర్వేయర్ చేతిలో ఆయుధమవుతుంది. ‘పరికరం ఉందన్నారు కదా, ఆ రోజు లొకేషన్ చూపించండి’ అంటాడు. అందుకే నా సలహా ఒక్కటే. ట్రాకర్‌ను ఏడాదంతా ప్రాణంతో ఉంచగలిగితేనే డిస్కౌంట్ అడగండి. లేదంటే ట్రాకర్ పెట్టుకోండి, డిస్కౌంట్ మాత్రం వదిలేయండి. ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసేటప్పుడు ‘ఏఆర్ఏఐ ఆమోదించిన యాంటీ థెఫ్ట్ పరికరం ఉందా?’ అని ఒక గడి వస్తుంది. ప్రీమియం తగ్గుతోంది కదా అని టిక్ కొట్టేయకండి. బజార్లో దొరికే ప్రతి జీపీఎస్ ట్రాకరూ ఏఆర్ఏఐ ఆమోదం ఉన్నది కాదు. ఏజెంటు మీ తరఫున కొట్టేసినా అది మీరు చెప్పినట్టే లెక్క.

మీ కారులో ఉన్నది ఏ రకం?

కంపెనీ నుంచే వచ్చే కనెక్టెడ్ సిస్టమ్ ఒక రకం. హ్యుందాయ్‌లో బ్లూలింక్, కియాలో కియా కనెక్ట్, ఎంజీలో ఐ-స్మార్ట్, మారుతిలో సుజుకి కనెక్ట్, మహీంద్రాలో అడ్రినాక్స్, ఇలా ఒక్కో కంపెనీకి ఒక్కో పేరు. రెండోది ఆటోనగర్‌లోనో యాక్సెసరీస్ షాపులోనో వైర్లు కలిపి పెట్టించుకునేది. మూడోది స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్‌లో (మెకానిక్ స్కానర్ కలిపే చోట) గుచ్చే చిన్న డబ్బా. ఈ మూడోది పెట్టడం ఎంత తేలికో పీకడం అంత తేలిక. దొంగకు కూడా ఆ సంగతి తెలుసు. పిల్లాడు కారు ఎటు తీసుకెళ్తున్నాడో చూసుకోవడానికి పర్లేదు, దొంగతనానికి దాన్ని నమ్ముకోవద్దు.

టాక్సీ ప్లేటు ఉన్నవాళ్ల సంగతి వేరు. పసుపు ప్లేటు బండికి ఏఐఎస్ 140 ప్రమాణం ఉన్న ట్రాకరు, ప్యానిక్ బటను రవాణా శాఖ నిబంధన కింద వస్తాయి. వాటికి ఫిట్‌నెస్, పర్మిట్ లెక్కలుంటాయి. ఇక్కడ చెబుతున్నది తెల్ల ప్లేటు సొంత కార్ల గురించి.

కంపెనీ సిస్టమ్‌ను ఆన్ చేయడం

షోరూమ్‌లో డెలివరీ రోజు దండ వేసి, ఫొటో తీసి, స్వీట్ బాక్సు చేతికిచ్చి పంపేస్తారు. ఆ హడావుడిలో కనెక్టెడ్ యాప్ సగంలో ఆగిపోతుంది. కారు మీ దగ్గరే ఉంది, యాప్ ఫోన్లో ఉంది, మధ్యలో లంకె మాత్రం పడలేదు. అది పూర్తయిందో లేదో ఇలా చూడండి.

కారును సెల్లార్‌లోంచి బయటికి, ఆకాశం కనబడే చోటుకి తీయండి. ఇంజిన్ స్టార్ట్ చేసి కాసేపు వదిలేయండి. కారులోనే అమర్చి ఉండే ఈ-సిమ్‌కి సిగ్నల్ అందాలి. ఇప్పుడు యాప్ తెరిచి ‘నా కారు ఎక్కడ’ లాంటిది నొక్కండి. మీరు నిలబడ్డ వీధి కనిపిస్తే పని అయినట్టే. పాత చోటే చూపిస్తున్నా, ‘యాక్టివేషన్ పెండింగ్’ అని వస్తున్నా పని మిగిలే ఉంది. ఎక్కువసార్లు ఆగేది కేవైసీ దగ్గర. ఈ-సిమ్‌కి ఓనరు వివరాలు జతపడాలి. ఆర్సీలో ఉన్న పేరు, యాప్‌లో ఉన్న పేరు, కేవైసీ ఇచ్చిన పేరు మూడూ ఒక్కటే అయి ఉండాలి. కారు నాన్నగారి పేరున, యాప్ కొడుకు నంబరు మీద ఉండడం మన ఇళ్లలో మామూలే. వాడుకోవడానికి ఇబ్బంది లేకపోవచ్చు, కానీ కారు పోయిన రాత్రి కాల్ సెంటర్‌వాళ్లు ఓనరుతోనే మాట్లాడాలంటే కష్టం. ప్రధాన ఖాతా ఆర్సీలో ఉన్నవారి పేరున పెట్టి, మిగతావాళ్లను అదనపు యూజర్లుగా చేర్చుకోండి.

తర్వాత జియోఫెన్స్ (కారు మీరు పెట్టిన హద్దు దాటితే చెప్పేది), ‘కారు కదిలింది’ అనే అలర్టు, యాప్ నోటిఫికేషన్ల అనుమతి, ఈ మూడూ ఆన్ చేయండి. ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆ యాప్‌ను నిద్రపుచ్చకుండా సెట్టింగ్ మార్చండి. ఉచిత సబ్‌స్క్రిప్షన్ ఎప్పుడు ముగుస్తుందో యాప్‌లోనే ఉంటుంది. ఆ తేదీని ఇన్సూరెన్స్ రెన్యువల్ తేదీ పక్కనే ఫోన్ క్యాలెండర్‌లో రాసుకోండి. ఉచిత కాలం అయిపోయి ట్రాకింగ్ ఆగిపోయినా, ఆ సంగతి వెంటనే మీ కంట పడకపోవచ్చు.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నారా? పాత ఓనరు ఖాతా తీయించేదాకా మీరెక్కడ పార్క్ చేస్తే అక్కడ ఆయన ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటుంది. కారు కొన్న 14 రోజుల్లోగా పాలసీ మీ పేరుకు మార్పించుకోండి, అదే వారంలో ఆ ఖాతా కూడా తీయించండి.

బయట పెట్టించుకునే ట్రాకర్

అసలు తిప్పలన్నీ ఇక్కడే. ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన ఎలక్ట్రీషియన్లకు కొదవ లేదు. కానీ పని చేయించేటప్పుడు పక్కనే నిలబడండి. సాధారణ ట్రాకర్‌కి మూడు వైర్లుంటాయి. బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు వచ్చేది ఒకటి, ఎర్త్ ఒకటి, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఇగ్నిషన్ లైను ఒకటి. తొందరపడి మొదటి రెండింటినీ కలిపి, మూడోది వదిలేసేవాళ్లుంటారు. అప్పుడు కారు ఆగి ఉందో నడుస్తోందో ట్రాకర్‌కు సరిగా తెలియదు. ఇంకొందరు ఎప్పుడూ కరెంటుండాల్సిన వైరును ఇగ్నిషన్‌కే కలిపేస్తారు. కారు ఆపిన కాసేపటికి ట్రాకర్ లోపలి చిన్న బ్యాటరీ మీద బతుకుతుంది, తెల్లారేసరికి పడుకుంటుంది. దొంగ వచ్చేది ఆ వేళకే.

వైరును బ్లేడుతో గీకి, తిప్పి, నల్ల టేపు చుట్టేస్తుంటే ఆపండి. మే నెల ఎండలో డ్యాష్‌బోర్డు వెనక ఆ టేపు జిగురు కారిపోయి జాయింటు ఊడుతుంది, లేదా షార్టవుతుంది. ఫ్యూజున్న కనెక్షన్ ఇవ్వమనండి. వైర్లు కోస్తే కారు ఎలక్ట్రికల్ వారంటీకి కూడా ఇబ్బంది రావచ్చు. వారంటీలో ఉన్న కారైతే సర్వీస్ సెంటర్‌ను అడిగి, వాళ్లు ఒప్పుకున్న పద్ధతిలోనే చేయించండి. పని అయ్యాక బిల్లు తప్పనిసరి. అందులో ట్రాకర్ మోడల్, ఐఎంఈఐ నంబరు, కారు నంబరు, తేదీ ఉండాలి. ‘బిల్లెందుకు సార్, జీఎస్టీ పడుద్ది’ అంటే పడనివ్వండి. క్లెయిమ్ రోజు ఆ కాగితమే మాట్లాడుతుంది.

పెట్టే చోటు కూడా ముఖ్యమే. యాంటెనా ఉన్న వైపు ఆకాశానికి తిరిగి ఉండాలి, పైన ప్లాస్టిక్ ఉండొచ్చు, ఇనప రేకు ఉండకూడదు. గ్లవ్ బాక్సు, స్టీరింగ్ కింద, ఈ రెండు చోట్లా దొంగ ముందే వెతుకుతాడు. ఎక్కడ పెట్టారో డ్రైవరుకు కూడా చెప్పనక్కర్లేదు.

తర్వాత సిమ్. పాత రకం ట్రాకర్లు 2జీ మీదే నడుస్తాయి. జియోకి 2జీ లేదు కాబట్టి వాటిలో జియో సిమ్ వేస్తే ఎన్నాళ్లయినా నెట్‌వర్క్ రాదు. కొనే ముందే 4జీ మోడలా కాదా అడగండి. ట్రాకర్ కంపెనీయే ఇచ్చే ఎం2ఎం సిమ్ (యంత్రాల కోసమే ఉండేది) అయితే నంబరు 13 అంకెలుంటుంది, రీచార్జి వాళ్ల వార్షిక చందాలో కలిసి ఉంటుంది. మామూలు పది అంకెల సిమ్ మీరే వేస్తే రీచార్జి బాధ్యతా మీదే. వాడకుండా, బ్యాలెన్స్ లేకుండా 90 రోజులు వదిలేసిన సిమ్‌ను కంపెనీ తీసేయొచ్చు. ఇంట్లో మూల పడి ఉన్న పాత సిమ్ తెచ్చి వేసేవాళ్లకు ఇది ముఖ్యంగా వర్తిస్తుంది.

సిమ్ వేశాక ట్రాకర్‌కు ఎస్సెమ్మెస్ పంపి ఏపీఎన్ (ఇంటర్నెట్ సెట్టింగ్) సెట్ చేయాలి. ఏ కమాండ్ పంపాలో పెట్టెలోని కాగితం మీద ఉంటుంది. ఆ కాగితంలోనే పాస్‌వర్డ్ కూడా ఉంటుంది, చవక ట్రాకర్లలో చాలావాటికి అది 123456. షాపువాడు మార్చడు. మీరు మార్చండి. మార్చకపోతే ఆ సిమ్ నంబరు తెలిసిన ఎవరైనా మీ కారు ఎక్కడుందో అడిగి తెలుసుకోవచ్చు. ఇంజిన్ ఆపే రిలే కూడా పెట్టించుకుంటే ఇంకా ప్రమాదం. ఆ రిలే విషయంలో నేను మొండిగానే చెబుతాను: కారు పరుగులో ఉండగా ఇంజిన్ ఆగిపోయేలా పెట్టించకండి. ఆగి ఉన్నప్పుడు మళ్లీ స్టార్ట్ కాకుండా చేసేది మాత్రమే వాడండి. హైవే మీద వంద స్పీడులో ఎవరి ఇంజిన్ ఆగినా, వెనక వచ్చే లారీ గుద్దితే నష్టపోయేది దొంగ ఒక్కడే కాదు.

రెండు పరీక్షలు

విజయవాడవాళ్లయితే బెంజ్ సర్కిల్ దగ్గర మొదలుపెట్టి వారధి మీదుగా తాడేపల్లి వెళ్లి రండి. గుంటూరువాళ్లయితే లక్ష్మీపురం నుంచి బయల్దేరి మంగళగిరి దాకా. ఇంటికొచ్చి యాప్‌లో ఆ రోజు రూటు తీయండి. గీత రోడ్డు మీదే నడిచిందా, మధ్యలో తెగిపోయిందా, నది మీద అడ్డంగా దూకిందా చూడండి. ఒకట్రెండు చోట్ల పక్కకు జరిగితే కంగారు అక్కర్లేదు. కిలోమీటర్ల కొద్దీ ఖాళీ ఉంటే సిమ్మో యాంటెనాయో బాగాలేదు.

రెండో పరీక్ష రాత్రి. కారు సెల్లార్‌లో పెట్టి, పొద్దున్నే యాప్ తెరవండి. చివరి అప్‌డేట్ ఎప్పటిదో చూడండి. కింది సెల్లార్‌లో జీపీఎస్ రాకపోవడం సహజమే. కానీ ‘ఆఫ్‌లైన్’ అని వస్తే నెట్‌వర్క్ కూడా అందడం లేదన్నమాట. అక్కడి నుంచి కారు కదిలినా రోడ్డెక్కేదాకా మీకు తెలియదు. ఆ అపార్ట్‌మెంట్‌లో గేటు దగ్గరో, పైన ఖాళీ జాగాలోనో పెట్టుకోవడం నయం.

ఈ రెండింటి స్క్రీన్‌షాట్లూ తేదీతో సహా దాచుకోండి. నెలకో స్క్రీన్‌షాట్ తీసి మీ మెయిల్‌కే పంపుకుంటే, పరికరం పనిచేస్తూనే ఉందని చూపడానికి అంతకంటే చవకైన సాక్ష్యం లేదు.

ఇన్సూరెన్స్ కంపెనీకి రాయడం

ఫోన్లో చెప్పడం చెప్పడం కిందకు రాదు. కంపెనీ కస్టమర్ కేర్ మెయిల్‌కు పాలసీ నంబరు, కారు నంబరు, ట్రాకర్ మోడల్, బిగించిన తేదీ రాసి, బిల్లు జతచేసి పంపండి. డిస్కౌంట్ కావాలంటే ధ్రువపత్రం కూడా జతచేసి ఎండార్స్‌మెంట్ అడగండి. వద్దంటే ‘డిస్కౌంట్ కోరడం లేదు, సమాచారం కోసం’ అని ఒక్క ముక్క రాయండి. ఇప్పటికే డిస్కౌంట్ తీసుకుని ఉండి, ట్రాకర్ పనిచేయడం లేదని ఇవాళే తెలిసిందా? ఇవాళే రాసి డిస్కౌంట్ తీయించుకోండి, కట్టాల్సింది కొన్ని వందలే. ఖరీదైన మ్యూజిక్ సిస్టమ్ లాంటివి బయట పెట్టించుకుంటే వాటి విలువ కూడా పాలసీలో చూపించాలి. చూపించనివి పోతే వాటికి డబ్బు రాదు.

నడిపిన కిలోమీటర్లను బట్టి ప్రీమియం కట్టే ‘పే యాజ్ యూ డ్రైవ్’ యాడాన్‌లను 2022 నుంచి అనుమతించారు. అలాంటిది తీసుకుని ఉంటే, పరికరమో యాపో పాలసీ లెక్కలో భాగం కావచ్చు. దాన్ని పీకడం, సిమ్ ఆపడం లాంటివి చేసే ముందు షరతులు చదవండి.

ఏడాది పొడవునా

మన ఊళ్లలో ట్రాకర్లను చంపేవి ముఖ్యంగా మూడు. మొదటిది ఎండ. రోడ్డు పక్కన ఎండలో పెట్టిన కారు డ్యాష్‌బోర్డు వెనక లిథియం బ్యాటరీ ఉబ్బిపోతుంది. వేసవి అయ్యాక ఒకసారి చూపించండి. రెండోది నీళ్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు మునిగిన కార్లకు ఇంజిన్, సీట్లు బాగుచేయించుకున్నవాళ్లు ట్రాకర్ సంగతి మర్చిపోయి ఉండొచ్చు. మునిగిన కారైతే దాన్ని పనిచేయనిదిగానే లెక్కేసి పరీక్ష చేయండి. మూడోది అమెరికా. పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లి వస్తారు, కారు సెల్లార్‌లో కవరు కప్పుకుని ఉంటుంది. కారు బ్యాటరీ దిగిపోతుంది, ట్రాకర్ ఆగుతుంది, సిమ్ రీచార్జి అయిపోతుంది. ఒక్కోసారి పాలసీ గడువు కూడా దాటుతుంది. గడువు దాటి 90 రోజులైతే నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. వెళ్లే ముందు సిమ్ రీచార్జి, పాలసీ రెన్యువల్ రెండూ చేయించి, నమ్మకమైనవాళ్లకు ఒక తాళం ఇచ్చి, వారానికోసారి కారు తిప్పమనండి. రెండో తాళం మీ దగ్గరే భద్రంగా ఉండాలి. క్లెయిమ్‌లో అసలు తాళాలు రెండూ అడుగుతారు.

సర్వీసింగ్‌లో బ్యాటరీ వైరు తీసి పెట్టినప్పుడు కూడా కొన్ని ట్రాకర్లు తిరిగి లేవవు. కారు చేతికి రాగానే, సర్వీస్ బిల్లు కట్టే ముందే, యాప్ తెరిచి చూసే అలవాటు చేసుకోండి.

కారు పోయిందని తెలిస్తే

యాప్‌లో లొకేషన్ కనిపిస్తున్నా మీరు వెంటపడకండి. 112కి ఫోన్ చేసి కారు నంబరు, రంగు, ఇప్పటి లొకేషన్ చెప్పండి. స్క్రీన్‌షాట్లు తీస్తూ ఉండండి. కంపెనీ సిస్టమ్ అయితే వాళ్ల కాల్ సెంటర్‌కు కూడా చేయండి. ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కాకుండా ఆపమంటే ఎఫ్ఐఆర్ అడగొచ్చు.

ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు. కారు గవర్నర్‌పేటలో పోతే అక్కడి స్టేషన్‌లోనే ఇవ్వాలని లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ కింద ఆన్‌లైన్‌లో ఇచ్చినా చెల్లుతుంది, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇస్తారు. ఫిర్యాదులో ట్రాకర్ చివరిగా చూపిన చోటు, సమయం రాయించండి. ఫాస్టాగ్‌ను వెంటనే బ్లాక్ చేయకండి. కాజ టోల్‌గేటు దగ్గరో, హైదరాబాద్ రోడ్డులో కీసర దగ్గరో డబ్బు కట్ అయిన మెసేజ్ వస్తే, ట్రాకర్ పీకేసిన తర్వాత కూడా కారు ఎటు పోతోందో పోలీసులకు తెలుస్తుంది.

అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. ఎఫ్ఐఆర్ వెంటనే ఇచ్చి, కంపెనీకి చెప్పడం మాత్రం ఆలస్యమైతే ఆ ఒక్క కారణంతో నిజమైన దొంగతనం క్లెయిమ్ కొట్టేయకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అది కోర్టు దాకా వెళ్లినవాళ్లకు దొరికిన ఊరట. మీరు మెయిల్ చేస్తే ఆ తిరుగుడే ఉండదు.

తర్వాత సర్వేయరో ఇన్వెస్టిగేటరో వస్తాడు. తాళాలు రెండూ, ఆర్సీ, పాలసీ, ఎఫ్ఐఆర్, ట్రాకర్ బిల్లు, నెలవారీ స్క్రీన్‌షాట్లు ఇవ్వండి. అన్నింటికీ జిరాక్సులు తీసుకుని, తాళాలు ఇచ్చినట్టు రాయించుకుని మరీ ఇవ్వండి. టీ కొట్టు దగ్గర ఏసీ ఆన్‌లో ఉంచి, తాళం కారుకే వదిలి దిగారా అని అడుగుతారు. అడిగింది ఉన్నదున్నట్టు చెప్పండి. తాళం వదిలేసిన కేసుల్లో కూడా ‘నాన్ స్టాండర్డ్’ (షరతు తప్పినా కొంత కోసి ఇచ్చే) లెక్కన 75 శాతం ఇప్పించిన తీర్పులున్నాయి. అబద్ధం దొరికితే మాత్రం ఆ దారి కూడా మూసుకుపోతుంది. కారు దొరకలేదని పోలీసులు తుది నివేదిక ఇచ్చాక, ఆర్టీఏ ఫారాలు 28, 29, 30 మీద సంతకాలు, లోన్ ఉంటే బ్యాంకు కాగితాలు అడుగుతారు. వచ్చేది పాలసీలో రాసిన ఐడీవీయే (పాలసీలో లెక్కగట్టిన కారు విలువ), మీరు కొన్న ధర కాదు.

ట్రాకర్ పేరు చెప్పి క్లెయిమ్ కొట్టేస్తే, ఏ షరతు కింద కొట్టేశారో రాతపూర్వకంగా అడగండి. పాలసీలో ఐఎంటీ 10 లేనేలేకపోతే ఆ కారణం చూపడానికి వాళ్లకు ఆధారం కావాలి కదా. ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255 నంబరు ఉంది. బీమా ఫిర్యాదులు తీర్చే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ పరిధిలోకి ఆంధ్రప్రదేశ్ కూడా వస్తుంది. అక్కడ ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ కాదన్న తేదీ నుంచి ఏడాదిలోగా వెళ్లాలి.